మూత లేని ఉప్పునీటి ట్యాంకు, దూకని చేపల కోసం వెతుకులాట: పదిహేను నెలల నా అనుభవం

“మూత పెట్టేస్తే పోయేదానికి ఇంత తంటా ఎందుకు?” అని మీరు అడిగేలోపే చెప్పేస్తాను. ఈ మాట మా ఆయన పదిహేను నెలలుగా అంటూనే ఉన్నారు. ఎండాకాలంలో ఫ్యాన్ గాలి నేరుగా నీటి మీద తగలాలని, మూత ఉంటే దానికి ఉప్పు పేరుకుని లైటు మసకబారుతుందని చాలా కారణాలు చెబుతుంటాను గానీ, అసలు సంగతి అందం. పైనుంచి వంగి చూస్తే కనిపించే చేప వేరు, అద్దంలోంచి కనిపించే చేప వేరు. ఒకసారి ఒక స్నేహితురాలి ఇంట్లో అలా చూశాక ఇక మూత ఉన్న ట్యాంకు మీదికి మనసు పోలేదు.

మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. 2024 జులైలో ట్యాంకు ఆర్డర్ ఇచ్చాను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. 12 ఎంఎం అద్దం, పైన ఫ్రేము గానీ పట్టీ గానీ ఉండదు. నీళ్ళే 250 లీటర్ల పైన, అంటే పావు టన్ను, కాబట్టి హాల్లో బీము ఉన్న గోడ వారగా పెట్టించాం. అద్దం పనివాడు వారం అన్నాడు, 19 రోజులు పట్టింది. ట్యాంకు, కేబినెట్, అందులో దాగే సంప్ (ట్యాంకు నీళ్ళు దిగి, వడకట్టుకుని పైకి వెళ్ళే తొట్టి) కలిపి 31,000 అయింది.

నీళ్ళ దగ్గర మొదటి దెబ్బ తగిలింది. తాగే ఆర్‌ఓ నీళ్ళలోనే ఉప్పు కలిపేద్దామనుకున్నాను. మీటర్ పెడితే టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాల లెక్క, 70 చూపించింది. మన ఇళ్ళ ఆర్‌ఓల్లో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ అని ఒక చిన్న తిప్పుడు మర ఉంటుంది. అది కొంచెం బోరు నీటిని వెనక్కి కలుపుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. దాన్ని పూర్తిగా మూసి, వెనక, మిగిలిన లవణాలని కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం తగిలించాక గానీ సున్నా రాలేదు. గొట్టానికి 2,400.

ఆగస్టు 4 ఆదివారం నీళ్ళు నింపాం. పది కిలోల పైన ఉప్పు పట్టింది. ఆ తర్వాత 41 రోజులు ఖాళీ ట్యాంకులో రాళ్ళని చూస్తూ కూర్చోవడమే. చేపల మలినాన్ని శుద్ధి చేసే బ్యాక్టీరియా రాళ్ళలో కుదురుకోవాలి. అది తెలియాలంటే అమ్మోనియా పెరగాలి, నైట్రైట్ పెరగాలి, రెండూ సున్నాకి రావాలి. మా పాప స్కూల్లో “మా ఇంట్లో రాళ్ళు పెంచుతున్నాం” అని చెప్పుకొచ్చింది.

సెప్టెంబర్ 15న రెండు క్లౌన్ ఫిష్ పిల్లలు వచ్చాయి. హేచరీలో పుట్టినవే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు మన దేశంలో వీటి చేత గుడ్లు పెట్టించి పిల్లలు తీయడం ఎప్పుడో సాధించారు, కాబట్టి సముద్రంలో పట్టినవే కొనాల్సిన పని లేదు. జత 1,600. వెనక ఎడమ మూల, పైనీళ్ళు పొర్లి సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో పెట్టె పక్కన, రెండూ అదే రోజు ఇల్లు చూసుకున్నాయి. రాత్రి లైటు ఆరగానే ఆ మూలలోనే పక్కకి వాలి ఊగుతూ నిద్రపోయేవి. మూత లేకపోయినా ఏమీ కాదని నాకు ధైర్యం వచ్చేసింది.

అక్టోబర్ 5న ఫైర్‌ఫిష్ కొన్నాను. 1,400. వేలెడంత చేప. ముందు సగం పాల తెలుపు, వెనక సగం నిప్పు ఎరుపు, వీపు మీద పొడుగ్గా పుల్లలాంటి రెక్క. దాన్ని టకటకా ఎత్తుతూ దించుతూ ఉంటుంది, ఎవరికో సైగ చేస్తున్నట్టు. “దూకుతుందా?” అని అడిగితే షాపతను, “దాక్కోడానికి బొరియ ఉంటే దూకదు మేడమ్” అన్నాడు. మా రాళ్ళ నిండా బొరియలే. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదని, సగం మాత్రమే ఉందని నాకు తర్వాత తెలిసింది.

అక్టోబర్ 12 దసరా. ఇంటి నిండా చుట్టాలు, పిల్లలు. రాత్రి పదకొండున్నరకి అందరూ వెళ్ళిపోయాక హాల్లో లైట్లు ఆపేసి పడుకున్నాం. తెల్లవారి ఐదింటికి అత్తయ్య గారి గొంతు వినిపించింది. “అమ్మాయ్, నీ చేప ఇక్కడుంది.”

ట్యాంకుకి నాలుగడుగుల దూరంలో, చెప్పుల స్టాండు కింద. ఎండిపోయి నెత్తళ్ళలా గట్టిపడింది. ఆ పొడుగు రెక్క గచ్చుకి అంటుకుపోయింది. తీస్తుంటే పుటుక్కున విరిగింది. కంటి చుట్టూ చీమలు. గోడ వెంబడి అప్పటికే బారు కట్టాయి. పండగపూట ఇంట్లో ఏదో పోయిందన్న బెంగ ఒక వారం పోలేదు.

అత్తయ్య గారిది భీమవరం దగ్గర పల్లెటూరు. చేపల గురించి నాకు చెప్పగలిగినంత అనుభవం ఆవిడకి ఉంది. “చేప అన్నాక దూకకుండా ఉంటుందా? కొర్రమీను తెస్తే గంగాళం మీద మూత పెట్టి, దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టేవాళ్ళం” అన్నారు. నేను నవ్వేశాను. కొర్రమీనుకి, ఈ బొమ్మలాంటి చేపకి పోలికేంటి అనుకున్నాను.

బుద్ధి రాలేదు. అక్టోబర్ 20న ఫెయిరీ రాస్ కొన్నాను, 3,200. ఎరుపు, వంగపువ్వు రంగు కలిసిన చేప. ఇది మగది కాబట్టి ఆడ చేప కనిపిస్తే రంగులు ఇంకా వెలిగిస్తుందట. ఇంటికొచ్చి చదివితే దూకే చేపల్లో పై వరుసలోదే ఇది అని తెలిసింది. కొనేముందు చదవాలని అందరికీ తెలుసు. చేప ఎదురుగా ఈదుతుంటే ఎవరూ చదవరు.

అక్టోబర్ 31 దీపావళి. చీకటి పడేసరికి కింద పార్కింగులో లక్ష్మీ బాంబులు, థౌజండ్ వాలాలు మొదలయ్యాయి. ఒక్కో మోతకి అద్దం మీద చెయ్యి పెడితే అదురు తెలుస్తోంది. ఏం చేయాలో తోచక తిరుగుతుంటే అత్తయ్య గారు తన వెంకటగిరి నూలు చీర ఒకటి తెచ్చి, రెండు మడతలు వేసి ట్యాంకు మీద పరిచేశారు. అంచులు జారకుండా బట్టల క్లిప్పులు పెట్టాం. మధ్యలో చీర కొంచెం దిగి తడిసింది.

పదిన్నర దాటాక ఏదో పెద్ద మోత. వెంటనే చీర మీద తప్‌మని చప్పుడు. లైటు వేసి చూస్తే తడిసిన మడతలో రాస్, నోరు తెరిచి మూస్తోంది. చీర అంచు పట్టి వంచితే జారి నీళ్ళలో పడింది. రాళ్ళ సందులోకి పోయి రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు తిండికి వచ్చింది. చీర తీసి ఉతికి ఆరేశాం, అంచు రంగు కాస్త దిగింది. అత్తయ్య గారు “పోనీలే, ప్రాణం నిలిచింది” అన్నారు.

నవంబర్ 4 సోమవారం. నేను బ్యాంకులో ఉన్నాను. మధ్యాహ్నం రెండున్నరకి, మేత వేసే సమయంలో, పెద్ద క్లౌన్ తరిమితే రాస్ పగటి వెలుతురులోనే ఎగిరి సోఫా పక్కన పడింది. అత్తయ్య గారు ఎదురుగానే ఉన్నారు. గబగబా చీర కొంగుతో పట్టుకున్నారు. తరిమే చేప ఉన్న ట్యాంకులోనే మళ్ళీ వేస్తే మళ్ళీ దూకుతుందని, పక్కనే నేను పట్టి ఉంచిన బకెట్‌లో వేసి పళ్ళెం మూత పెట్టి నేను వచ్చేదాకా కాపలా కూర్చున్నారు. అది ఆవిరైన నీటికి బదులు పోయడానికి పెట్టిన ఆర్‌ఓ నీళ్ళ బకెట్.

నేను ఆరున్నరకి వచ్చి పళ్ళెం తీశాను. చేప అడుగున పడి ఉంది.

“మంచినీళ్ళే కదమ్మా” అన్నారు అత్తయ్య గారు. 

ఏం చెప్పను? ఉప్పునీళ్ళ చేపకి ఆ మంచినీళ్ళే పగ. చేప ఒంట్లోకి నీరు ఎక్కిపోతుంది, తట్టుకోలేదు. ఆవిడకి ఆ రోజు ఈ సంగతి చెప్పలేదు. భయపడి చచ్చిపోయిందన్నాను. తర్వాత పాప చెప్పేసింది. రెండు రోజులు ఆవిడ ట్యాంకు వైపు రాలేదు. తప్పు ఆవిడది కాదు, బకెట్ మీద ఏమీ రాయని నాది. ఇప్పుడు బకెట్ మీద మార్కర్‌తో “ఇందులో చేప వేయకూడదు” అని, కేబినెట్ తలుపు మీద “చేప కింద పడితే చెయ్యి తడిపి పట్టుకుని ట్యాంకులోనే వేయాలి” అని తెలుగులో అంటించి ఉంటుంది. మూత లేని ట్యాంకు ఉన్న ప్రతి ఇంట్లో, పనమ్మాయికీ పెద్దవాళ్ళకీ కనిపించేలా, ఈ రెండు కాగితాలు ఉండాలి.

మా ఆయన మాట విని ఒకసారి మూత కూడా ప్రయత్నించాను. కిటికీలకి దోమల మెష్ బిగించే అతన్ని పిలిస్తే “రేపు వస్తా మేడమ్” అని తొమ్మిది రోజులకి వచ్చాడు. అల్యూమినియం ఫ్రేముతో నల్ల మెష్, 1,900. పది రోజుల్లో మెష్ కన్నాలన్నీ ఉప్పుతో పూడుకుపోయాయి. మేత వేయాలంటే ఫ్రేము ఎత్తాలి, ఎత్తితే ఉప్పు రవ్వలు సోఫా మీద. అల్యూమినియం మూలలు తెల్లగా పొడి రాలడం మొదలైంది. డిసెంబర్ మొదటి వారంలో తీసి బాల్కనీలో పెట్టాను. అతన్ని తప్పు పట్టను, అది కిటికీకి చేసిన వస్తువు. ఫైర్‌ఫిష్ మీదో రాస్ మీదో మనసు పడ్డవాళ్ళు మాత్రం కన్నాలు పెద్దగా, దారం సన్నగా ఉన్న నెట్ తెప్పించుకుని, ప్లాస్టిక్ ఫ్రేముతో మూత పెట్టుకోవడమే మంచిది. ఆ విషయంలో నాకు వాదన లేదు.

ఆ డిసెంబర్ అంతా చేప కొనలేదు. రోజూ రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది దాకా ట్యాంకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అప్పుడు తెలిసిన మొదటి సంగతి: నా టైమర్ ప్లగ్గు సరిగ్గా తొమ్మిదింటికి లైటుని టక్కున ఆర్పేస్తోంది. మధ్యాహ్నం ఎండలో ఉన్నవాణ్ణి ఒక్క క్షణంలో అమావాస్యలోకి తోసినట్టు. మామూలు రోజుల్లో హాల్లో లైటు ఉంటుంది కాబట్టి సరిపోయేది. దసరా రాత్రి హాలు లైట్లు కూడా ఒక్కసారిగా ఆపేశాం. చుట్టాల పిల్లలు అప్పటిదాకా అద్దం తడుతూనే ఉన్నారు. ఫైర్‌ఫిష్ బొరియ బయట ఉండిపోయి ఉంటుంది. చీకట్లో బొరియ కనపడకపోతే దానికి తెలిసిన దారి ఇంకొకటే, పైకి. షాపతను చెప్పని సగం ఇదే. బొరియ ఉంటే చాలదు, భయపడిన క్షణంలో అది కనపడాలి.

లైటు మార్చాను. గంటసేపు నెమ్మదిగా తగ్గేది, 4,800. హాల్లో ఒక మూల జీరో బల్బు రాత్రంతా వెలుగుతుంది. ట్యాంకు లైటు, పెద్ద మోటారు రెండింటినీ ఇన్వర్టర్ లైనుకి మార్పించాను, ఎలక్ట్రీషియన్‌కి 700. కరెంటు పోయినా ఇక ఒక్కసారిగా చీకటి ఉండదు. చేపలు ఎక్కువగా అద్దం వెంబడి పైకి పాకి మూలల్లోంచే బయటికి పోతాయని గమనించి, వెనకా రెండు పక్కలా లోపలికి రెండంగుళాలు వచ్చేలా అక్రిలిక్ పట్టీలు క్లిప్పులతో తగిలించాను. 1,100. ముందు వైపు వదిలేశాను. అందం అన్నాను కదా.

చేపల విషయానికి వస్తే, “దూకని చేపలు” అన్న జాబితాలు చాలా చదివాను. ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో ఉండదు. చివరికి నాకు పనికొచ్చినవి మూడు ప్రశ్నలు. ఇది రాత్రి ఎక్కడ పడుకుంటుంది? భయపడితే కిందికి పోతుందా, పక్కకి పోతుందా, పైకి పోతుందా? నా ట్యాంకులో దీన్ని తరిమేది ఎవరు? ఈ మూడో ప్రశ్నని అందరూ మర్చిపోతారు. రాస్ చనిపోయింది దాని స్వభావం వల్ల ఎంతో, మా పెద్ద క్లౌన్ వల్ల కూడా అంతే.

రెండో ప్రశ్నకి జవాబు షాపులోనే దొరుకుతుంది. చేపని పట్టడానికి వల దించినప్పుడు చూడాలి. కొన్ని రాయి కిందికి దూరతాయి, కొన్ని నీటి పైపొరకి ఎగబాకి అక్కడే కొట్టుకుంటాయి. జనవరిలో నాలుగు శనివారాలు షాపులకి వెళ్ళి, వేరేవాళ్ళు కొంటుంటే పక్కన నిలబడి వల వంక చూశాను. ఒక షాపతను “మేడమ్, కొంటారా, సినిమా చూస్తారా?” అన్నాడు. స్టూలు మాత్రం వేశాడు.

ఆ నెలలో వద్దనుకున్నవే ఎక్కువ. మాండరిన్ చేపని అంటగట్టాలని ఇద్దరు చూశారు. అది దూకదు, రాళ్ళ మీద మెల్లగా పాకుతూ ఉంటుంది, పట్టుచీర అంచులా ఉంటుంది. కానీ అది తినేది రాళ్ళ మీద ఉండే కంటికి ఆనని పురుగుల్ని. ఐదు నెలల ట్యాంకులో అవి సరిపడా ఉండవు. దూకి చావనిది ఆకలితో చస్తుంది. సింహంలా రెక్కలు విప్పే లయన్ ఫిష్ కూడా పైకి ఎగరదు గానీ ముళ్ళకి విషం, పైగా నోట్లో పట్టే చేపని మింగేస్తుంది. నీటి మీదకే రానిది సముద్రగుర్రం. ఒకతను గొంతు తగ్గించి “కావాలంటే తెప్పిస్తా” అన్నాడు. సముద్రగుర్రాలూ, గట్టి పగడాలూ మన వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నవి, ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఆ షాపుకి మళ్ళీ వెళ్ళలేదు.

గోబీ మీద చాలా ఆశ ఉండేది. ఇసుకలో రొయ్యతో కలిసి బొరియలో కాపురం ఉండే చేప. రొయ్య తవ్వుతుంది, ఇది వాకిట్లో కాపలా కాస్తుంది. అడుగునే ఉంటుంది కదా, దూకదులే అనుకున్నాను. కానీ అడుగున ఉండే చేప దూకదనుకోవడం వట్టి భ్రమ. గోబీలు బాణంలా లేస్తాయి. కోరింగ మడ అడవుల్లో బురద మీద గెంతుతూ కనిపించే చేపలు వీటికి చుట్టాలే. పాపకి ఆ సంగతి చెబితే “అయితే అది మన సోఫా మీద కూర్చుంటుందా?” అంది. ఆలోచన మానేశాను. 

2025 జనవరి 18, సంక్రాంతి వెళ్ళిన శనివారం, మూడు పైజామా కార్డినల్స్ తెచ్చాను. ఒక్కోటి 900. ముందు భాగం పసుపు పచ్చ, నడుముకి నల్ల పట్టీ, తోక వైపు చుక్కల పైజామా, కళ్ళు ఎర్రగా పెద్దవి. వల దించితే ఇవి పరుగెత్తవు, గుంపుగా రాయి నీడలోకి జరుగుతాయి, అంతే. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఇవి రాత్రి తిరిగే చేపలు. పగలంతా చూరులా ముందుకొచ్చిన రాయి కింద నిలబడి, చీకటి పడ్డాక బయటికి వస్తాయి. చీకటి వీటికి భయం కాదు, భోజనాల వేళ. ఈ ఒక్క ముక్క అర్థమయ్యాక నాకు సగం టెన్షన్ పోయింది. వీటికి దగ్గరి చుట్టం బంగ్గాయ్ కార్డినల్ ఇంకా అందంగా ఉంటుంది. అది ఇండోనేషియాలో ఒక చిన్న దీవుల గుంపు దగ్గర మాత్రమే పుట్టే చేప, అంతరించే ప్రమాదంలో ఉంది. హేచరీ పిల్లలు దొరికితే తప్ప కొనకూడదనుకున్నాను, దొరకలేదు.

తెచ్చిన చేపని నేరుగా ట్యాంకులో వేయడం కూడా మానేశాను. 60 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, అందులో రెండు పీవీసీ గొట్టం ముక్కలు, పైన వడియాలు ఆరబెట్టేటప్పుడు కప్పే పాత దోమతెర ముక్క. 22 రోజులు అందులోనే. జబ్బులు బయటపడతాయని అందరూ చేసే పనే ఇది, కానీ నాకు దక్కిన లాభం వేరు. కొత్తచోటు బెదురంతా ఆ తెర కింద తీరిపోతుంది. మొదటి వారంలో రెండుసార్లు తెరకి తగిలిన చప్పుడు విన్నాను. కార్డినలే, దూకదనుకున్నదే. ఫిబ్రవరి 9 రాత్రి లైటు తగ్గాక పెద్ద ట్యాంకులోకి మార్చాను, అద్దానికి మూడు రోజులు న్యూస్‌పేపర్ అంటించి ఉంచాను. పేపర్‌లో చేప ధరలు చదువుకుంటున్నాయని మా ఆయన ఎగతాళి.

మార్చి 16 ఆదివారం పొద్దున లెక్క పెడితే చిన్న క్లౌన్ లేదు. క్లౌన్ ఫిష్ దూకదు అని నేనే నలుగురికీ చెప్పి ఉన్నాను. సోఫా జరిపాం, టీవీ స్టాండు జరిపాం, చెప్పుల స్టాండు ఎత్తాం. చీమల బారు ఎటు పోతోందో కూడా చూశాం. లేదు. రాత్రి తొమ్మిదింటికి సంప్‌లో ఫిల్టర్ సంచీ మార్చడానికి తీస్తే బరువుగా కదిలింది. లోపల మేత ముక్కల మధ్య మా చిన్న క్లౌన్, నిక్షేపంగా. గట్టు దాటి నేల మీదికి కాకుండా, పక్కనే ఉన్న ఓవర్‌ఫ్లో పెట్టెలోకి దూకి, గొట్టంలోంచి జారి సంప్‌లోకి వచ్చింది. పన్నెండు గంటలు ఇల్లంతా తిరగేశాం, అది కింద అల్మరాలో ఉంది. ఆ పెట్టె మీద అప్పటిదాకా ఏ అడ్డూ లేదు. ప్లాస్టిక్ జాలీ ముక్క కోసి పెట్టాను, 40 రూపాయలు. చేప కనపడకపోతే ముందు సంప్ చూడండి, తర్వాత సోఫా.

కోరల్ బ్యూటీ అనే చిన్న ఏంజెల్ ఫిష్ మార్చి 8న వచ్చింది, 3,600. నాలుగు వారాలు టబ్బులో ఉండి ఏప్రిల్ 5న ట్యాంకులోకి దిగింది. ముదురు నీలం మీద కాషాయం గీతలు. రోజంతా రాళ్ళ సందుల్లో దూరుతూ నాచు గీకుతుంది. పాప చెయ్యి ఊపినా అది పైకి కాదు, దగ్గరి కన్నంలోకి పోతుంది. ఏ కన్నంలోంచి దూరి ఏ కన్నంలోంచి వస్తుందో దానికి కంఠతా వచ్చు. మా ఇంట్లో మూత లేని ట్యాంకు కోసమే పుట్టిన చేప అంటే ఇదే.

ఏప్రిల్, మే నెలల గురించి ఎక్కువ చెప్పను. నీళ్ళు 31 డిగ్రీలకి పోయాయి, ఫ్యాన్లు పెడితే 28. రోజుకి నాలుగు లీటర్లు ఆవిరి. పైన తెరిచి ఉండటం వల్లే ఆ మూడు డిగ్రీలు తగ్గాయని మా ఆయనకి మూడుసార్లు చూపించాను. ఆఖరికి పాత చిల్లర్ ఒకటి 22,000 పెట్టి కొన్నాం. అది నీటిని చల్లబరిచి ఆ వేడంతా హాల్లోకి ఊదుతుందని ఎవరూ చెప్పలేదు. మేలో గాలిదుమారానికి రెండున్నర గంటలు కరెంటు పోతే ఇన్వర్టర్ మీద మోటారు ఆడింది. ఊపిరాడక పైకి వచ్చే చేప కూడా దూకుతుంది, అందుకని 650 పెట్టి బ్యాటరీ ఎయిర్ పంపు కూడా కొని పెట్టాను. జూన్‌లో ఒక బల్లి పడింది. బయటికి దూకడం గురించే ఆలోచిస్తాం గానీ, మూత లేకపోతే లోపలికి దూకేవీ ఉంటాయి. సగం నీళ్ళు మార్చాను.

అన్నీ కలిపి ఇప్పటికి 90,000 దాటింది. పోయిన చేపల ఖరీదు అందులో 4,600, చూడటానికి చిన్న అంకె. డైరీలో ఆ రెండు తేదీలు మాత్రం ఇంకా ఎర్ర ఇంకులోనే ఉన్నాయి.

2025 దీపావళి అక్టోబర్ 20 సోమవారం. నాకు వారం ముందు నుంచే గుబులు. ఆరు చేపలు. సాయంత్రం నుంచి లైటు తగ్గించి, జీరో బల్బు వేసి, హాలు తలుపులు మూసి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదటి థౌజండ్ వాలాకి కార్డినల్స్ మూడూ చూరు కిందికి సర్దుకుని, ముగ్గురు ముసలమ్మలు వాన చూస్తున్నట్టు నిలబడ్డాయి. కోరల్ బ్యూటీ కన్నంలోకి పోయి మళ్ళీ కనపడలేదు. క్లౌన్లు మాత్రం మూలలో నీటి పైపొర దగ్గర ఊగుతూనే ఉన్నాయి. తొమ్మిదిన్నరకి ఒక బాంబుకి పెద్ద క్లౌన్ తోకతో నీటిని ఛట్‌మని కొట్టింది. నాకు గుండె జారింది.

అత్తయ్య గారు ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి అంతకుముందు దీపావళినాటి వెంకటగిరి చీరే తెచ్చారు. ఇద్దరం చెరో కొస పట్టుకుని పరిచాం, క్లిప్పులు పెట్టాం. రాత్రంతా చీర మీద చప్పుడు కాలేదు.

పొద్దున ఐదింటికి ఆవిడే లేచి, నేను వచ్చేలోపు, టార్చి వేయకుండా జీరో బల్బు వెలుతుర్లోనే లెక్క పెట్టారు. “ఐదు” అన్నారు. నాకు కాళ్ళు ఆడలేదు. సోఫా కింద చూడబోతుంటే, “ఉండు, నీలందీ ఇప్పుడే వచ్చింది, ఆరు” అన్నారు. చీర తీసి, అంచు రంగు ఇంకాస్త దిగిందని వెలుతురుకి పట్టి చూశారు. ఉతికి ఆరేశాక మడతపెట్టి, బీరువాలో కాకుండా, ట్యాంకు కింద ఉప్పు సంచి పక్కన పెట్టారు.